ఆర్‌ఎన్‌ఏలో తప్పును కణం ఎలా పట్టుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

జీవశాస్త్రం చదివినవాళ్లందరికీ ఒక వరస గుర్తుంటుంది: డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్. ఆ వరసలో ఒక పెద్ద సంగతి చెప్పకుండా మిగిలిపోతుంది. తయారైన ఆర్‌ఎన్‌ఏలో తప్పు దొర్లితే దాన్ని ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు? ఆ పని చేసేవి ఆర్‌ఎన్‌ఏను అంటిపెట్టుకుని ఉండే ప్రోటీన్లు. విద్యార్థులూ, ఇంట్లో జన్యు సంబంధమైన జబ్బు ఉన్నవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. కణం తప్పు అక్షరాన్ని (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని ఎ, యూ, జీ, సీ అనే రసాయన ముక్కలనే అక్షరాలంటున్నాను) వెతికి పట్టుకోదు. ఆ ఆర్‌ఎన్‌ఏ మీద ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చుని ఉందో దాన్ని బట్టి పట్టుకుంటుంది. కింద రాసినవన్నీ దాదాపుగా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

ఆర్‌ఎన్‌ఏ బైండింగ్ ప్రోటీన్లు అంటే ఏవి?

కణంలో ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. డీఎన్‌ఏ నుంచి నకలు తీయడం మొదలైన క్షణం నుంచే దాని మీద ప్రోటీన్లు వచ్చి చేరుతుంటాయి. ముందు కొసన ఉండే క్యాప్‌ను కొన్ని పట్టుకుంటాయి, చివరన ఉండే ‘ఎ’ అక్షరాల తోకను కొన్ని పట్టుకుంటాయి, మధ్యలో అతుకుల దగ్గర ఇంకొన్ని కూర్చుంటాయి. మనిషి జన్యువుల్లో సుమారు 1,500 ఇలాంటి ప్రోటీన్లనే తయారుచేస్తాయని లెక్క. ఆర్‌ఎన్‌ఏను కత్తిరించి అతికేవి, కేంద్రకం నుంచి బయటికి చేర్చేవి, దాచి ఉంచేవి, ముక్కలు చేసేవి అన్నీ ఇందులోకే వస్తాయి.

తప్పుడు ఆర్‌ఎన్‌ఏ అని దేన్ని అంటారు?

చాలా రకాలున్నాయి. జన్యువులోనే మ్యుటేషన్, అంటే అక్షరాల మార్పు, ఉండి అది నకలులోకి రావచ్చు. జన్యువు బాగానే ఉన్నా నకలు తీసేటప్పుడు పొరపాటు జరగవచ్చు. అవసరం లేని ఇంట్రాన్ భాగాలను తీసేసి ఎక్సాన్లను అతికే పనిని స్ప్లైసింగ్ అంటారు. అందులో ఒక ఇంట్రాన్ తీయకుండా మిగిలిపోవచ్చు, లేదా అతుకు పక్కకు జరగవచ్చు. తయారైన తర్వాత ఆక్సీకరణ వల్ల పాడైపోవచ్చు కూడా.

వీటిలో చాలావాటికి ఒక ఉమ్మడి లక్షణం ఉంది. ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏను మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఆ మూడక్షరాల మాటను కోడాన్ అంటారు. మొత్తం 64 కోడాన్లలో యూఏఏ, యూఏజీ, యూజీఏ అనే మూడు ‘ఇక్కడితో ఆపు’ అని చెప్పే స్టాప్ కోడాన్లు. ఎక్కడైనా ఒక అక్షరం ఎక్కువో తక్కువో అయితే అక్కడినుంచి చదివే వరస మొత్తం జరిగిపోతుంది. జరిగిన వరసలో అనుకోకుండా స్టాప్ కోడాన్ తగలడానికి ఎంతో దూరం పట్టదు. 64లో మూడు కాబట్టి సగటున ప్రతి ఇరవై ఒకటి, ఇరవై రెండు కోడాన్లకు ఒకటి వస్తుంది. అంటే తప్పు ఏ రకంగా మొదలైనా చివరికి చాలాసార్లు ‘రావలసిన చోటు కన్నా ముందే వచ్చిన స్టాప్’గా బయటపడుతుంది. అందుకే కణం ఈ ఒక్కదాన్ని గట్టిగా కాపలా కాస్తే చాలా రకాల తప్పులు ఒకేసారి దొరికిపోతాయి.

ముందే వచ్చిన స్టాప్ కోడాన్‌కూ అసలు స్టాప్ కోడాన్‌కూ అక్షరాల్లో తేడా లేదు కదా, మరి కణానికి ఎలా తెలుస్తుంది?

అందరూ అడగవలసిన ప్రశ్న ఇదే. నిజమే, రెండూ అవే మూడు అక్షరాలు. పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోవడానికి రైబోజోమ్ దగ్గర అసలు ప్రతి ఏదీ ఉండదు. తేడా అంతా ఆ స్టాప్ తర్వాత ఏముందన్న దాంట్లో ఉంది.

కేంద్రకంలో రెండు ఎక్సాన్లను అతికినప్పుడు ఆ అతుకుకు 20 నుంచి 24 అక్షరాల ముందు కొన్ని ప్రోటీన్లు ఒక గుంపుగా కూర్చుంటాయి. దీన్ని ఎక్సాన్ జంక్షన్ కాంప్లెక్స్ అంటారు. ఇందులో ముఖ్యమైనవి ఈఐఎఫ్4ఏ3, మాగో, వై14. అవి అక్కడి అక్షరాలేమిటో చూసి కూర్చోవు. అతుకు పడింది కాబట్టి కూర్చుంటాయి, అంతే. దర్జీ కుట్టు వేసిన చోట గుండుసూది తీయకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలాంటి గుర్తు ఇది. ఆ గుర్తుతోనే ఆర్‌ఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి వస్తుంది.

బయట మొదటి రైబోజోమ్ దాన్ని చదువుకుంటూ పోతుంది. దారిలో తగిలిన ప్రతి జంక్షన్ గుర్తునూ నెట్టి ఊడగొడుతుంది. మన జన్యువుల్లో ఎక్కువభాగానికి అసలు స్టాప్ కోడాన్ చివరి ఎక్సాన్‌లోనే ఉంటుంది. కాబట్టి ఆర్‌ఎన్‌ఏ సరిగ్గా ఉంటే రైబోజోమ్ స్టాప్ దగ్గరికి చేరేసరికి గుర్తులన్నీ ఊడిపోయి ఉంటాయి. స్టాప్ ముందే వచ్చిందనుకోండి, రైబోజోమ్ అక్కడే ఆగిపోతుంది, దాని ముందు ఇంకా ఊడని గుర్తు ఒకటో రెండో మిగిలి ఉంటాయి. ‘చదవడం అయిపోయింది, గుర్తు మాత్రం ఇంకా ఉంది’ అన్న ఈ పొంతన లేని పరిస్థితే కణానికి సంకేతం.

దీని నుంచే 50–55 అక్షరాల నియమం వచ్చింది. చివరి అతుకుకు 50–55 అక్షరాల కన్నా ఎక్కువ ముందు స్టాప్ వస్తే ఆ ఆర్‌ఎన్‌ఏ సాధారణంగా నాశనమవుతుంది. అంతకన్నా దగ్గరగా ఉంటే తప్పించుకుంటుంది. కారణం వింత ఏమీ కాదు. రైబోజోమ్ చిన్న వస్తువు కాదు, ఒకేసారి దాదాపు 30 అక్షరాల మేర ఆక్రమిస్తుంది. స్టాప్ మరీ దగ్గరగా ఉంటే ఆగేలోపే దాని ముందుభాగం తగిలి ఆ గుర్తు ఊడిపోతుంది.

గుర్తు మిగిలి ఉందని ఎవరు చూస్తారు? తర్వాత ఏం జరుగుతుంది?

చూసేది యూపీఎఫ్1 అనే ప్రోటీన్. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఇది కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చు చేస్తూ ఆర్‌ఎన్‌ఏ తీగ మీద ఒకే దిక్కుగా నడిచే హెలికేజ్. దారిలో ముడులుంటే విప్పుతుంది, అడ్డంగా వేరే ప్రోటీన్లుంటే తొలగిస్తుంది. ఇది తప్పుడు ఆర్‌ఎన్‌ఏలనే వెతుక్కుంటూ వెళుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. యూపీఎఫ్1 దొరికిన ఆర్‌ఎన్‌ఏ మీదల్లా కూర్చుంటుంది. సరైన వాటి మీద ఎక్కువసేపు నిలవదు, వదిలేస్తుంది. తప్పుడు వాటి మీద నిలిచిపోతుంది.

అసలు స్టాప్ దగ్గర అయితే తోకను పట్టుకుని ఉండే పీఏబీపీసీ1 అనే ప్రోటీన్ అందుబాటులో ఉంటుంది. అది రైబోజోమ్‌ను విడిపించే ప్రోటీన్లతో చేయి కలిపి పనిని సాఫీగా ముగించేస్తుంది. ముందే వచ్చిన స్టాప్ దగ్గర తోక చాలా దూరంలో ఉంటుంది. రైబోజోమ్ విడిపోవడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో యూపీఎఫ్1, ఎస్‌ఎంజీ1 అక్కడికి చేరుతాయి. మిగిలిపోయిన జంక్షన్ గుర్తుకు అంటుకుని ఉన్న యూపీఎఫ్3, దాని పక్కన యూపీఎఫ్2 వీటితో కలుస్తాయి. అప్పుడు ఎస్‌ఎంజీ1 యూపీఎఫ్1కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఇక వెనక్కి తిరిగేది లేదు. ఫాస్ఫేట్ తగిలిన యూపీఎఫ్1 ముక్కలు చేసేవాటిని పిలుస్తుంది. ఎస్‌ఎంజీ6 వచ్చి స్టాప్‌కు దగ్గరలోనే ఆర్‌ఎన్‌ఏను రెండుగా కోస్తుంది. ఎస్‌ఎంజీ5, ఎస్‌ఎంజీ7 జంటగా వచ్చి తోకను కత్తిరించే ఎంజైమ్‌లను, క్యాప్‌ను తీసేసే వాటిని తీసుకొస్తాయి.

కోత పడిన తర్వాత ముక్కలు ఎంతోసేపు ఉండవు. వెనక ముక్కను ఎక్స్‌ఆర్‌ఎన్‌1 అనే ఎంజైమ్ ముందు కొస నుంచి తినేస్తుంది. ముందు ముక్కను ఎక్సోజోమ్ అనే ప్రోటీన్ల గుంపు వెనక కొస నుంచి తింటుంది. విడిపోయిన అక్షరాలు మళ్లీ కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీకి పనికొస్తాయి. ఈ మొత్తం ప్రక్రియకు నాన్‌సెన్స్ మీడియేటెడ్ డికే అని పేరు, పొట్టిగా ఎన్‌ఎండీ.

అన్ని జీవుల్లోనూ ఇదే పద్ధతా?

యూపీఎఫ్1 దాదాపు అన్ని యూకారియోట్లలోనూ, అంటే కణాల్లో కేంద్రకం ఉన్న జీవుల్లోనూ, ఉంది. జంక్షన్ గుర్తు మాత్రం అన్నిచోట్లా ఈ పని చేయదు. రొట్టె పులియబెట్టే ఈస్ట్ జన్యువుల్లో ఇంట్రాన్లు చాలా తక్కువ, అక్కడ ఈ గుర్తుల పద్ధతి లేదు. స్టాప్ నుంచి తోక దాకా దూరం మరీ ఎక్కువైతే అదే తప్పుకు సంకేతం. మన కణాల్లోనూ ఈ దూరం లెక్క కొంత నడుస్తుంది. ఈస్ట్, సీ. ఎలిగాన్స్ అనే సన్నని పురుగు ఎన్‌ఎండీ లేకపోయినా బతుకుతాయి. ఎలుకల్లో యూపీఎఫ్1 జన్యువును తీసేస్తే పిండం దశలోనే చనిపోతాయి.

తలసేమియాకూ దీనికీ సంబంధం ఏమిటి?

ఎన్‌ఎండీ ఎందుకు ఉందో ఒకే ఉదాహరణతో అర్థం చేసుకోవాలంటే బీటా తలసేమియాను మించినది లేదు. కాస్త దగ్గరగా చూద్దాం.

హీమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ గొలుసుకు జన్యువు చిన్నది, మూడే ఎక్సాన్లు. గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. రెండో ఎక్సాన్ 104వ కోడాన్ దగ్గర ముగుస్తుంది. అసలు స్టాప్ మూడో ఎక్సాన్‌లో, 147వ స్థానంలో ఉంటుంది.

మధ్యధరా ప్రాంతంలో, ముఖ్యంగా సార్డీనియాలో, బాగా కనిపించే మ్యుటేషన్ 39వ కోడాన్‌లో ఉంది. అక్కడ సీఏజీ ఉండాల్సింది, ఒక్క అక్షరం మారి యూఏజీ అయింది, అంటే స్టాప్. 39 నుంచి 104 దాకా 65 కోడాన్లు, అంటే చివరి అతుకుకు దాదాపు 195 అక్షరాల ముందే రైబోజోమ్ ఆగిపోతుంది. 55 కన్నా ఎంతో ఎక్కువ. ఆ ఆర్‌ఎన్‌ఏను కణం ముక్కలు చేసేస్తుంది. సగం గొలుసు తయారవదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఈ జన్యువు ప్రతుల్లో ఒకటి ఇలా ఉండి రెండోది బాగుంటే ఆ మనిషికి కొద్దిపాటి రక్తహీనత ఉండవచ్చు, సాధారణ జీవితం గడుస్తుంది. రెండు ప్రతులూ ఇలాగే ఉంటేనే పెద్ద జబ్బు.

ఇప్పుడు 121వ కోడాన్‌లో స్టాప్ వచ్చిన కుటుంబాలను చూడండి. ఇక్కడ గొలుసు దాదాపు పూర్తయ్యాక ఆగుతుంది. పైపైన చూస్తే 39 కన్నా ఇదే నయం అనిపిస్తుంది. నిజానికి ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 121 మూడో ఎక్సాన్‌లో ఉంది, దాని తర్వాత అతుకు లేదు, గుర్తు లేదు. కణానికి ఇది తప్పుగా కనిపించదు. ఆర్‌ఎన్‌ఏ బతికిపోతుంది, కురచ గొలుసు పెద్దమొత్తంలో తయారవుతుంది, అది ఆల్ఫా గొలుసుతో సరిగ్గా కలవక ఎర్ర రక్తకణాలుగా మారాల్సిన కణాల్లో పేరుకుపోతుంది. అందుకే ఒక్క ప్రతి చెడినా జబ్బు వస్తుంది. దీన్ని డామినెంట్ తలసేమియా అంటారు.

ఒకే జన్యువు, ఒకే రకం మ్యుటేషన్. చోటు మారితే రోగి జీవితమే మారిపోతోంది. ఎన్‌ఎండీ మనకు చేసే మేలు ఎంతటిదో 39వ కోడాన్ మోస్తున్నవాళ్లలో కనిపిస్తుంది.

దీన్ని ఎవరు, ఎలా కనుక్కున్నారు?

1979లో లోసోన్, లాక్రూట్ ఈస్ట్‌లో ఒక సంగతి గమనించారు. నాన్‌సెన్స్ మ్యుటేషన్ (ముందే స్టాప్ తెచ్చే మార్పు) ఉన్న ఆర్‌ఎన్‌ఏలు తయారవుతున్నాయి గానీ త్వరగా మాయమవుతున్నాయి. 1981లో లిన్ మకాట్, ఆమె సహచరులు బీటా తలసేమియా రోగుల ఎముక మజ్జ కణాల్లో ఇలాంటిదే చూపించారు. ఆమెకు 2021లో జోన్ స్టైట్జ్, ఏడ్రియన్ క్రైనర్‌తో కలిపి వైద్యంలో వుల్ఫ్ ప్రైజ్ వచ్చింది. యూపీఎఫ్ జన్యువులు ఈస్ట్ నుంచి, ఎస్‌ఎంజీ జన్యువులు సీ. ఎలిగాన్స్ అనే పురుగు నుంచి బయటపడ్డాయి. అందుకే ఒకే పని చేసే ప్రోటీన్లకు రెండు రకాల పేర్లున్నాయి. కొత్తగా చదివేవాళ్లకు ఇది గందరగోళంగానే ఉంటుంది, కానీ పేర్ల వెనక ఇంతకు మించి అర్థం లేదు.

ప్రయోగశాలలో దీన్ని కళ్లతో చూడవచ్చా?

చూడవచ్చు, అదీ ఒక్కరోజు పనితో. ముందే స్టాప్ ఉన్న జన్యువు గల కణాలను రెండు గిన్నెల్లో పెంచుతారు. ఒకదానిలో సైక్లోహెక్సిమైడ్ వేస్తారు. ఇది రైబోజోమ్‌లను ఎక్కడివక్కడ ఆపేసే పదార్థం. కొన్ని గంటల తర్వాత రెండిటి నుంచీ ఆర్‌ఎన్‌ఏ తీసి కొలుస్తారు. మందు వేయని గిన్నెలో ఆ ఆర్‌ఎన్‌ఏ తాలూకు గీత కనీకనిపించనట్టు ఉంటుంది. మందు వేసినదానిలో చిక్కగా కనిపిస్తుంది.

ఈ ఫలితం మీద కాసేపు ఆలోచించాలి. మనం ఆర్‌ఎన్‌ఏ తయారీని పెంచలేదు, ముక్కలు చేసే ఎంజైమ్‌లను ముట్టుకోలేదు. చదవడాన్ని మాత్రమే ఆపాం, నాశనం ఆగిపోయింది. అంటే చదివితేనే తప్పు తెలుస్తుంది. ఎవరూ చదవని ఆర్‌ఎన్‌ఏలో తప్పున్నా ఎన్‌ఎండీకి కనిపించదు. ప్రోటీన్ తయారీ, నాణ్యత తనిఖీ అనేవి రెండు వేర్వేరు పనులన్నట్టు పుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. కణంలో అవి ఒకే పని.

తప్పుడు ఆర్‌ఎన్‌ఏ పూర్తిగా పోతుందా?

పోదు. సాధారణంగా మామూలు స్థాయిలో 5 నుంచి 25 శాతం వరకు మిగులుతుంది. జన్యువును బట్టీ, కణజాలాన్ని బట్టీ, మనిషిని బట్టీ ఇది మారుతుంది. తప్పించుకునే దారులు కూడా కొన్ని తెలుసు. చివరి ఎక్సాన్ సంగతి పైన చెప్పాను. మొదలుకు మరీ దగ్గరగా ఉన్న స్టాప్‌లు చాలాసార్లు తప్పించుకుంటాయి. బాగా పొడవైన ఎక్సాన్ల మధ్యలో, ఇంచుమించు 400 అక్షరాలు దాటిన వాటిలో, ఎన్‌ఎండీ బలహీనంగా పనిచేస్తుంది.

అసలు స్టాప్ కోడానే లేకపోతే? మధ్యలో రైబోజోమ్ ఇరుక్కుపోతే?

వీటికి వేరే కాపలాదార్లున్నారు. స్టాప్ లేని ఆర్‌ఎన్‌ఏలో రైబోజోమ్ తోకలోకి వెళ్లి అక్కడ ఇరుక్కుంటుంది. దాన్ని నాశనం చేసే పద్ధతిని నాన్‌స్టాప్ డికే అంటారు, 2002లో వివరించారు. గట్టి ముడి వల్లనో, పాడైన అక్షరం వల్లనో మధ్యలోనే ఇరుక్కుంటే దాన్ని నో-గో డికే అంటారు, ఇది 2006లో బయటపడింది.

ఇరుక్కున్న రైబోజోమ్‌ను గుర్తించే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఒక ఆర్‌ఎన్‌ఏ మీద వరసగా చాలా రైబోజోమ్‌లు నడుస్తుంటాయి. ముందుది ఆగితే వెనకది వచ్చి గుద్దుకుంటుంది. జడ్‌ఎన్‌ఎఫ్598 అనే ప్రోటీన్ ఆగిన రైబోజోమ్‌ను కాదు, గుద్దుకున్న జంటను గుర్తుపడుతుంది. కాసేపు నెమ్మదించడం మామూలే. వెనకది వచ్చి తగిలేంతసేపు ఆగిందంటేనే నిజంగా తేడా ఉన్నట్టు. జంట దొరికాక జడ్‌ఎన్‌ఎఫ్598 రైబోజోమ్‌కు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలిస్తుంది. ఇరుక్కున్న రైబోజోమ్‌లను విడదీసే ప్రోటీన్లలో పెలోటా ఒకటి. దాని ఆకారం మామూలు స్టాప్ దగ్గర పనిచేసే విడుదల ప్రోటీన్‌ను పోలి ఉంటుంది, కాబట్టి రైబోజోమ్‌లో అదే ఖాళీలో ఇమిడిపోతుంది. తేడా ఏమిటంటే దీనికి స్టాప్ కోడాన్ అక్కర్లేదు. సగం తయారైన ప్రోటీన్‌ను కూడా వదలరు. లిస్టెరిన్ అనే మరో ప్రోటీన్ దానికి నాశనపు గుర్తు వేస్తుంది.

కేంద్రకంలో రైబోజోమ్‌లు చదవవు కదా, అక్కడ తప్పులు ఎలా దొరుకుతాయి?

అక్కడ కాలమే పరీక్ష అనుకోవచ్చు. ఆర్‌ఎన్‌ఏ సరిగ్గా అతుకులు పడి, సరైన ప్రోటీన్లను తగిలించుకుని త్వరగా బయటికి వెళ్లిపోవాలి. ఆలస్యమైతే ఎక్సోజోమ్ చేతికి చిక్కుతుంది. ఎంటీఆర్4 అనే హెలికేజ్ ఆ ఆర్‌ఎన్‌ఏను ఎక్సోజోమ్‌లోకి తోస్తుంది. ఏ ఆర్‌ఎన్‌ఏను తోయాలో చెప్పేవి దాని తోడుగా ఉండే ప్రోటీన్లు, ఆర్‌బీఎం7 లాంటివి.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా చెప్పాలి. ప్రోటీన్ తయారీకి రైబోజోమ్ చదివే ఆర్‌ఎన్‌ఏకు, అంటే ఎంఆర్‌ఎన్‌ఏకు, ‘ఎ’ అక్షరాల పొడవైన తోక రక్ష అని అందరం నేర్చుకున్నాం. 2005లో ఈస్ట్‌లో ట్రాంప్ అనే ప్రోటీన్ల గుంపు దొరికింది. అది తప్పుడు ఆర్‌ఎన్‌ఏలకు పొట్టి ‘ఎ’ తోక తగిలిస్తుంది, ఆ తోకను చూసి ఎక్సోజోమ్ వాటిని తినేస్తుంది. అక్షరం అదే ‘ఎ’. ఒకచోట అదే కాపాడుతుంది, మరోచోట అదే చావుకు పిలుపు. ఎంత పొడవుందో, ఎవరు తగిలించారో, దాన్ని ఎవరు పట్టుకున్నారో దాన్ని బట్టే అంతా.

ఎక్సోజోమ్ అంటే కణాలు బయటికి వదిలే చిన్న సంచులు కదా?

ఆ సంచుల పేరూ ఇదే, కానీ రెండిటికీ సంబంధం లేదు. ఆర్‌ఎన్‌ఏను తినే ఎక్సోజోమ్‌ను 1997లో ఈస్ట్‌లో గుర్తించారు. తొమ్మిది ప్రోటీన్లు కలిసి ఒక పీపా ఆకారంలో ఉంటాయి, మధ్యలో సన్నని రంధ్రం. ఆర్‌ఎన్‌ఏ ఆ రంధ్రంలోంచి దారంలా దూరి అడుగున ఉన్న డీఐఎస్3 అనే కోత ఎంజైమ్‌ను చేరుతుంది. మనుషుల్లో ఆ తొమ్మిదింటికీ స్వయంగా కోసే శక్తి లేదు. వాటి పని ఎవరిని లోపలికి రానివ్వాలో చూడటమే.

సరైన ఆర్‌ఎన్‌ఏలను కూడా ఇవే ప్రోటీన్లు నాశనం చేస్తాయా?

చేస్తాయి. అది పొరపాటు కాదు, కణం కావాలనే చేసే పని. ఎన్‌ఎండీ ఆపేస్తే మామూలు ఆర్‌ఎన్‌ఏల్లోనూ కొన్ని పెరుగుతాయి. స్ప్లైసింగ్ చేసే ఎస్‌ఆర్ ప్రోటీన్లే చక్కటి ఉదాహరణ. అవి తమ సంఖ్య మరీ పెరిగినప్పుడు తమ సొంత ఆర్‌ఎన్‌ఏలోనే స్టాప్ ఉన్న ఒక ఎక్సాన్‌ను చేర్చి ఎన్‌ఎండీకి అప్పగిస్తాయి. దీన్ని పాయిజన్ ఎక్సాన్ అంటారు. రోగనిరోధక కణాల్లోనూ దీని అవసరం పెద్దది. టీ కణాల గ్రాహక జన్యువులు ముక్కలు కలుపుకున్నప్పుడు మూడింట రెండుసార్లు చదివే వరస తప్పుతుంది. ఆ ఆర్‌ఎన్‌ఏలను ఎన్‌ఎండీ ఊడ్చేస్తుంది.

వాపు కలిగించే టీఎన్‌ఎఫ్ లాంటి వాటి ఆర్‌ఎన్‌ఏలను టీటీపీ అనే ప్రోటీన్ పట్టుకుని త్వరగా వదిలించేస్తుంది. అది లేని ఎలుకలకు కీళ్లవాతం వస్తుంది, చిక్కిపోతాయి. ఇది తప్పులను పట్టే పని కాదు గానీ, చివర్లో పనిచేసే కోత ఎంజైమ్‌లు చాలావరకు అవే.

మైక్రోఆర్‌ఎన్‌ఏ చేసేది ఇదేనా?

కాదు. మైక్రోఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క తనతో అక్షరాల జోడీ కుదిరిన ఆర్‌ఎన్‌ఏను అణచివేస్తుంది. అది బాగుందా చెడిందా అని చూడదు.

ఈ ప్రోటీన్లే చెడిపోతే ఏమవుతుంది?

జబ్బులు వస్తాయి, వాటిలో చాలావరకు మెదడుకూ నరాలకూ సంబంధించినవి. యూపీఎఫ్3బీ జన్యువులో లోపం ఉంటే మగపిల్లల్లో బుద్ధి ఎదుగుదల మందగిస్తుందని 2007లో తేలింది. ఎక్సోజోమ్‌లోని ఈఎక్స్‌ఓఎస్‌సీ3లో లోపం వల్ల చిన్నమెదడు ఎదగని తీవ్రమైన జబ్బు వస్తుందని 2012లో తెలిసింది. మల్టిపుల్ మైలోమా రోగుల్లో ఇంచుమించు పది శాతం మందిలో డీఐఎస్3 మ్యుటేషన్లు కనిపిస్తాయి.

అన్నిటికన్నా నన్ను కదిలించేది ఏఎల్‌ఎస్ కథ. ఈ జబ్బులో కండరాలను నడిపే నరాలు క్రమంగా చనిపోతాయి. రోగుల్లో దాదాపు అందరిలోనూ టీడీపీ-43 అనే ఆర్‌ఎన్‌ఏ బైండింగ్ ప్రోటీన్ కేంద్రకం వదిలి బయట ముద్దలుగా పేరుకుంటుంది. ఈ ముద్దల్లో ఉన్నది టీడీపీ-43 అని 2006లో గుర్తించారు. మామూలుగా దాని పని ఒకటే కాదు గానీ, ముఖ్యమైనది ఇది: ఇంట్రాన్ల మధ్యలో దాక్కున్న, ఎక్సాన్‌లా కనిపించే దొంగ ముక్కలు ఆర్‌ఎన్‌ఏలో కలవకుండా వాటి మీద కూర్చుని ఆపడం. అది లేచిపోతే దొంగ ముక్కలు లోపలికి వస్తాయి. యూఎన్‌సీ13ఏ అనే జన్యువు విషయంలో ఇది జరుగుతుందని 2022లో రెండు బృందాలు చూపించాయి. ఆ దొంగ ముక్కలో స్టాప్ ఉంటుంది, ఎన్‌ఎండీ ఆ ఆర్‌ఎన్‌ఏను తీసేస్తుంది, నరాల మధ్య సంకేతాలకు అవసరమైన ప్రోటీన్ కరువవుతుంది. ఇక్కడ ఎన్‌ఎండీ తన పని తాను సరిగ్గానే చేసింది. కాపలా కాయాల్సిన మరో ప్రోటీన్ చోటు వదిలిపోవడమే అసలు సమస్య.

ఎన్‌ఎండీని ఆపే మందులు ఇస్తే జన్యు జబ్బులు నయమవుతాయా?

ఆశ ఉంది, జాగ్రత్త కూడా అవసరం. ఎన్‌ఎండీని మొత్తంగా ఆపితే పైన చెప్పిన మామూలు పనులన్నీ దెబ్బతింటాయి. ఆర్‌ఎన్‌ఏను కాపాడినంత మాత్రాన చాలదు కూడా, స్టాప్ అలాగే ఉంటుంది కదా. రైబోజోమ్ ఆ స్టాప్‌ను దాటి వెళ్లేలా చేయాలి. అటాల్యూరెన్ అనే మందు ఈ ఆలోచనతో వచ్చింది. డుషెన్ కండర క్షీణత ఉన్న కొందరు పిల్లలకు యూరప్‌లో 2014లో షరతులతో అనుమతి ఇచ్చారు. ప్రయోజనం తగినంతగా రుజువు కాలేదని తర్వాత ఆ అనుమతిని పొడిగించలేదు. తల్లిదండ్రులకు అది ఎంత కష్టమైన వార్తో ఊహించగలను.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఇంకో దారి. ఎన్‌ఎండీని ముట్టుకోకుండా ఒక్క జన్యువు ఆర్‌ఎన్‌ఏను దాని చేతికి చిక్కకుండా చేయడం. డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ జబ్బులో ఎస్‌సీఎన్1ఏ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయదు. బాగున్న ప్రతి నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏలో కూడా కొంత భాగం పాయిజన్ ఎక్సాన్ వల్ల వృథా అవుతుంది. చిన్న కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ లాంటి ముక్కతో ఆ పాయిజన్ ఎక్సాన్‌ను కప్పేస్తే వృథా తగ్గి, బాగున్న ప్రతి నుంచే ఎక్కువ ప్రోటీన్ వస్తుంది. దీని మీద రోగుల్లో పరీక్షలు జరుగుతున్నాయి.

జీన్ ఎడిటింగ్ చేసేవాళ్లు దీన్ని ఎందుకు పట్టించుకోవాలి?

జన్యువును కోరిన చోట కోసే క్రిస్పర్ పద్ధతితో జన్యువును ‘ఆపేయడం’ అంటే చాలాసార్లు చదివే వరసను జరిపి, మిగతా పని ఎన్‌ఎండీకి వదిలేయడమే. కోత చివరి ఎక్సాన్‌లో పెడితే ఆర్‌ఎన్‌ఏ మిగిలి కురచ ప్రోటీన్ తయారుకావచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. ముక్కలైన ఆర్‌ఎన్‌ఏ వల్ల దాన్ని పోలిన ఇతర జన్యువులు చురుకెక్కి లోటును పూడ్చగలవని 2019లో జీబ్రా చేపల్లోనూ ఎలుక కణాల్లోనూ చూపించారు. జన్యువు ఆపేశాక ఏ మార్పూ కనిపించకపోతే ఆ జన్యువు అనవసరమని వెంటనే తేల్చేయకూడదు.

జన్యు పరీక్ష రిపోర్టులో ‘నాన్‌సెన్స్’ లేదా ‘ఫ్రేమ్‌షిఫ్ట్’ అని ఉంది. ఏం అడగాలి?

రిపోర్టు చూడగానే టెన్షన్ పడటం సహజం. నాన్‌సెన్స్ అంటే ముందే స్టాప్ వచ్చిందని, ఫ్రేమ్‌షిఫ్ట్ అంటే చదివే వరస జరిగిందని. ఆ ఒక్క మాటతో జబ్బు తీవ్రత తేలదు. జెనెటిక్ కౌన్సెలర్‌నో, వైద్యుడినో కలిసినప్పుడు మొదట అడగాల్సింది: స్టాప్ ఏ ఎక్సాన్‌లో వచ్చింది, అది చివరి ఎక్సానేనా, చివరి అతుకుకు ఎంత దూరంలో ఉంది? మ్యుటేషన్ల తీవ్రతను అంచనా వేసే నిపుణులు ఎన్‌ఎండీ జరుగుతుందా లేదా అన్నదాన్ని నిజంగానే లెక్కలోకి తీసుకుంటారు. రెండోది: ఈ జన్యువుకు ఒక్క ప్రతి సరిపోతుందా, లేక రెండూ కావాలా? మూడోది: ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేసే వీలుందా? రక్తకణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి చూస్తే తప్పుడు ప్రతి నిజంగా మాయమవుతోందో, మిగిలే ఉందో తెలుస్తుంది. అలాంటి పరీక్షలో తప్పుడు ప్రతి అసలే కనబడకపోతే అది లేదని కాదు, ఎన్‌ఎండీ తినేసి ఉండవచ్చు. అందుకే ప్రయోగశాలలో కణాలను కొద్దిసేపు పెంచి, సైక్లోహెక్సిమైడ్ లాంటి పదార్థం వేసి మళ్లీ కొలుస్తారు. వేయక ముందు కనబడని గీత వేశాక కనబడితే, మ్యుటేషన్ ఉన్న ఆ ప్రతి తయారవుతోందని, కణం దాన్ని గుర్తుపట్టి తీసేస్తోందని అర్థం.